వదినను రోలర్ కోస్టర్ ఎక్కించింది ఎవరు

నేను మా వదినను బలవంతాన రోలర్ కోస్టర్ ఎక్కించానట, ఆవిడ దిగుతూనే కళ్లు తిరిగి పడిపోయారట, రెండు రోజులు మంచం దిగలేదట. వదిన అంటే మా ఆయన అక్కగారు. ఈ కథ నాలుగేళ్లుగా, ఏ పెళ్లికి వెళ్లినా నాకంటే ముందే బంతిలో కూర్చుంటోంది. అందులో కళ్లు తిరగడం ఒక్కటే నిజం. అదీ శనివారం ఒక్కపొద్దుండి ఎండలో తిరిగినందుకు.

ఆ ఏడు ఏలూరు ఎగ్జిబిషన్‌కి చెక్క రోలర్ కోస్టర్ వచ్చింది. సరుగుడు దుంగలు నిలబెట్టి, అడ్డబాదులు బిగించి, పైన పట్టాలు పరిచారు. బండి కదిలితే కట్టడమంతా కిర్రుమనేది. కొల్లేరు పక్క ఊరి నుంచి వచ్చిన వదిన, గేటు దాటిన దగ్గర్నుంచీ దానికేసే చూస్తున్నారు.

మా వైపు మర్యాదొకటుంది. కాఫీ అయినా కుర్చీ అయినా రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకోవాలి. మా ఆయన అడిగారు, "ఎక్కుతావా అక్కా?" అని.

"నాకెందుకురా, మీరెక్కండి."

వాళ్ల పెద్దబ్బాయి అడిగాడు. "ఈ వయసులో నాకేం సరదారా," అన్నారావిడ. మూడోసారి ఎవరూ అడగలేదు. మిగతావాళ్లంతా చెప్పులూ ఫోన్లూ కళ్లజోళ్లూ మా ఇద్దరి ఒళ్లో పడేసి, ఎక్కి, దిగి వచ్చారు.

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో ఇంతమందికీ వండి, బాక్సులు సర్ది బయల్దేరిన దాన్ని. ఎక్కడో ఒకచోట కూర్చుంటే చాలనిపించింది. కానీ ఆవిడ మొహం చూశాక మూడోసారి నేనే అడిగాను.

"ఎక్కుదామా వదినగారూ?"

"నువ్వెక్కుతానంటే తోడొస్తానమ్మాయ్. నాకైతే అక్కర్లేదు."

"పోనీ, మానేద్దామాండీ?"

"మానడమెందుకు, ఇంత దూరం వచ్చి."

ఎక్కాం. గొలుసు మమ్మల్ని పైకి లాగుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "కొల్లేరు కనిపిస్తుందేమో చూడు," అన్నారు. చూసే లోపే బండి కిందికి జారింది. నేను కెవ్వుమన్నాను. ఆవిడ నవ్వారు. ఇరవై ఏళ్లలో ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం అదొక్కసారే చూశాను.

బండి ఆగాక, "ఇంకోసారి తిప్పడా?" అని అడిగారు. దిగి నాలుగడుగులు వేశారో లేదో, అక్కడే ఇసుకలో కూలబడ్డారు. పెద్దబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు ఎక్కమన్నారమ్మా నిన్ను?"

"నేను వద్దన్నాన్రా, నువ్వూ విన్నావుగా. మీ అత్తే లాక్కెళ్లింది."

నా వంక చూడలేదు. కూరలో ఉప్పు గురించి కూడా పంతం పట్టి గెలిచే దాన్ని, ఆ పూట మాత్రం ఓపిక లేక ఊరుకున్నాను. ఒకసారి ఊరుకుంటే ఇక అదే అలవాటవుతుంది.

పోయిన నెల పెంటపాడులో పెళ్లి. మళ్లీ అదే కథ, మళ్లీ నన్ను చూసి నవ్వులు. పక్క విస్తరి దగ్గర వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరితోపాటూ నవ్వారు. చేతులు కడుక్కునేటప్పుడు నా పక్కకొచ్చి మెల్లిగా అడిగారు.

"ఈ ఏడు కూడా ఆ బండి వస్తుందంటావా?"

"వస్తే ఎవరితో ఎక్కుతారండీ?"

"నువ్వున్నావుగా," అన్నారు.

నేనుంటాను, మళ్లీ మాటా పడతాను. కానీ అంత ఎత్తు నుంచి జారుతూ నవ్విన మనిషికి, నలుగురి మధ్య కూర్చుని 'నాకే ఎక్కాలనిపించింది' అనడానికి అడ్డమేమిటండీ?