మా యారాలి చేపలు, నా నీళ్లు

ఆ రోజుల్లో ఒకరిని చూసి ఒకరు కుళ్లుకోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇప్పుడైతే పక్కవాళ్ల మేడ చూసో, కారు చూసో కడుపు మండుతుంది. మా బెల్లంపల్లి బొగ్గుబావి క్వార్టర్లలో అందరికీ ఒకే తీరు ఇల్లు, ఒకే తీరు వాకిలి, బట్టలారేస్తే ఒకే తీరు మసి. అందుకని ఒక ఇంట్లోకి కొత్త చాప వచ్చినా పక్కింటావిడకు అన్నం సహించేది కాదు. అలాంటి చోట మా యారాలి ఇంట్లోకి (యారాలంటే మా పెద్ద బావ భార్య, నాకు అక్క వరస, ఆమెకు నేను చెల్లెను) ఏకంగా అద్దాల తొట్టి వచ్చింది. అందులో నీళ్లు, ఆ నీళ్లల్లో చేపలు.

మా బావ బావి అఫ్సరుకు జీపు నడిపేవాడు. ఆ అఫ్సరు మద్రాసు వైపు మనిషి. బదిలీ అయి పోతూ పోతూ, దారిలో పగులుతుందని తొట్టిని చేపలతో సహా మా బావకు ఇచ్చేశాడు. బూడిదరంగు చేపలు, ఒక్కోటి అరచేయంత. జిలేబీ చేపలు అనేవాళ్లు. (చాలా ఏళ్ల తర్వాత, నాకు నాలుగు అక్షరాలు వచ్చాక, ఒక పుస్తకంలో వాటి జాతి పేరు సిక్లిడ్ అని కూడబలుక్కుని చదివాను. అప్పుడు కూడా నా కళ్లముందుకు ముందు వచ్చింది చేప కాదు, మా యారాలి ముఖం.) లైనులో ఉన్న ఆడవాళ్లంతా ఆమె ఇంటికి కట్టగట్టుకుని పోయారు. అది నేను ఓర్చుకునేదాన్నేమో. మా అత్తమ్మ కూడా పోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆమె రోజూ మా వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ నాతో ఊరి ముచ్చట్లు చెప్పేది. ఇప్పుడు చింతపండు చాట పట్టుకుని నా గుమ్మం దాటి అటే పోతోంది. ఏమత్తమ్మా, మా ఇంట్లో నీడ లేదా అని అడిగితే, “గా చేపలను చూసుకుంట కూసుంటే పొద్దు ఎటు పోతుందో తెల్వది బిడ్డా” అంది. అత్తమ్మను మళ్లీ నా వాకిట్లోకి తెచ్చుకోవాలి, అంతే. ఆ పూట నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

మా ఆయన కంపెనీ నీళ్లు వడగట్టే ఫిల్టర్ హౌస్‌లో పని చేసేవాడు. మనకూ ఒక తొట్టి కావాలన్నాను. “ఏమే, చేపలను కూరొండుకుంటరు గని గిట్ల సుట్టాల లెక్క ఇంట్ల కూసోబెట్టుకుంటరా?” అన్నాడు. ఆ రోజు నుంచి నేను పప్పులో ఉప్పు వేయడం మరిచిపోసాగాను. ఆ పప్పు తినలేక చివరికి బజారులో రేకుల పని చేసే ఆయనతో చట్రం కొట్టించి, పాత కిటికీ అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టించి తెచ్చాడు. మొదటిసారి నింపినప్పుడు నీళ్లన్నీ ట్రంకు పెట్టె కిందికి పోయాయి. నా పెళ్లి చీర రంగు దిగి ఆయన పంచెలకు ఎక్కింది. రెండోసారి లప్పం ఆరనిచ్చాక నింపితే నిలిచాయి.

ఇక వడపోత. అందులో మాత్రం మా ఇంటికి సాటి లేదు. పెద్ద ఫిల్టర్ హౌస్‌లో ఎట్లా ఉంటుందో అట్లాగే కుండలో పెట్టాం. కుండ అడుగున చిల్లి, చిల్లికి గుడ్డపేలిక, దానిమీద పెద్ద కంకర, చిన్న కంకర, కట్టెబొగ్గు, పైన కడిగిన ఇసుక. (చుట్టూ కొండలంత రాక్షసిబొగ్గు ఉన్న ఊళ్లో పిడికెడు కట్టెబొగ్గు కోసం ఇస్త్రీ ఆయన్ని బతిమాలుకున్నాను.) కుండను ముక్కాలిపీట మీద తొట్టికి పైన నిలబెట్టి, పొద్దున తొట్టి నీళ్లు చెంబుతో తోడి కుండలో పోస్తే, చుక్క చుక్కగా మళ్లీ తొట్టిలోకే దిగేవి. నల్లా నీళ్లకు మందు వాసన ఉంటుంది కనుక ముందే బకెట్లో పట్టి ఎండకు పెట్టేదాన్ని. యారాలి తొట్టికి వడపోత లేదు, నీళ్లు పచ్చబడి పాలకూర పప్పులా ఉన్నాయి. నావి అద్దంలా ఉన్నాయి. ఒక్కటే లోపం. నా తొట్టిలో చేపలు లేవు.

యారాలు వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని అటు వంగి, ఇటు వంగి చూసింది. “నీళ్లు మంచిగున్నయి చెల్లే. బొట్టు పెట్టుకోనీకి అద్దం కొనే పని లేదు” అని పోయింది.

అత్తమ్మే మధ్యలో పడి, ఒక చేపనన్నా ఇయ్యమని పెద్దకోడలికి చెప్పింది. పెద్దకోడలు ఇచ్చింది. ఏది ఇచ్చిందనుకున్నారు? ముద్ద ముట్టకుండా మూలకు నక్కి, గవదబిళ్లలు లేచినట్టు గొంతు ఉబ్బి ఉన్నదాన్ని. “గిది తింటలేదు చెల్లే. నీ చేతుల ఏం మహిమున్నదో, నీ దగ్గరన్నా తింటదేమో” అంది. చిరిగిన చీరను పనిమనిషికి ఇచ్చినట్టు ఇచ్చిందని నాకు తెలుసు. చస్తే నా ఇంట్లో చచ్చిందంటారనీ తెలుసు. తవుడు వేశాను, నానిన అటుకులు వేశాను, మూతి తిప్పుకుంది. అటుకుల్ని మళ్లీ ఏరి బయట పడేసి, నీళ్లు పొద్దునా సాయంత్రం వడగడుతూ, ఆ చేప ముఖం చూస్తూ బతికాను.

ఒకనాడు పొద్దున అత్తమ్మ నన్ను చూడటానికి కాకపోయినా ఆ రోగిష్టి చేపను చూడటానికి వచ్చింది. మేమిద్దరం చూస్తుండగానే అది నోరు తెరిచింది. ఆవాల్లాంటివి బుసబుసా బయటికి వచ్చాయి. వాంతి చేసుకుంటోంది, ఇక అయిపోయిందనుకున్నాను. ఆవాలు ఈదడం మొదలుపెట్టాయి. చేపపిల్లలు! నేను తొట్టిమీదికి వంగానో లేదో, తల్లి నోరు తెరిచి అన్నింటినీ లోపలికి లాగేసుకుంది. కన్నపిల్లల్ని తినే రాకాసిని నాకు అంటగట్టిందని యారాల్ని తిట్టబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి జరిపింది. కాసేపటికి నోట్లోంచి పిల్లలన్నీ మళ్లీ వచ్చాయి. “తింటలేదే పిల్లా, దాసుకుంటుంది. గన్ని దినాలు నోట్ల పిల్లలను పెట్టుకొని అన్నమెట్ల తింటది?” అంది అత్తమ్మ.

మధ్యాహ్నానికి లైనంతా మా ఇంట్లోనే. అందరికంటే వెనక యారాలు, చేతిలో ఇత్తడి చెంబుతో. పిల్లలు తనవంది.

“నోట్ల పిల్లలున్నప్పుడే నీకిచ్చిన. నావే అయితయి.”

“పిల్లలున్నయని ఇచ్చినవా అక్కా? సస్తదని ఇచ్చినవు.”

అత్తమ్మ చింతపండు చాట పక్కకు పెట్టి తీర్పు చెప్పింది. మా వైపు ఒకరి మేకను ఇంకొకరు సాకడానికి తెచ్చుకుంటే దాన్ని పాలుకు ఇవ్వడం అంటారు. ఈనిన పిల్లలు చెరి సగం. “మేకకు గదే, చేపకు గదే. పంచుకోన్రి” అంది.

పంచుకోవడానికి కూర్చున్నాం. ఆమె చెంబు ముంచితే తల్లి పిల్లలన్నింటినీ నోట్లోకి లాక్కునేది. సరే ఆగుదామని చెంబు తీస్తే వదిలేది. నేను చాయ్ జల్లెడ పట్టుకుని అటునుంచి వస్తే మళ్లీ నోట్లోకి. ఇద్దరం చెరోవైపు మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, కళ్లతో సైగలు చేసుకుంటూ (అప్పటిదాకా మేమిద్దరం అంత పొత్తుగా ఏ పనీ చేసి ఎరగం) పొద్దుగూకేదాకా తంటాలు పడ్డాం. ఒక్క పిల్ల దొరకలేదు. అత్తమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లలు పెరిగేదాకా అన్నీ నా తొట్టిలోనే ఉండాలి, తన సగాన్ని యారాలు వచ్చి చూసుకోవచ్చని రాజీ కుదిరింది.

అప్పటినుంచి యారాలు వంట కాగానే బియ్యం చాట పట్టుకుని నా ఇంటికి వచ్చేది. తన సగాన్ని నేను పస్తు పెడతానని అనుమానం. ఆమె వెంట అత్తమ్మ, అత్తమ్మ వెంట సగం లైను. నేను కోరుకున్నది నా వాకిట్లోకే వచ్చింది. అయినా నా కడుపుమంట చల్లారలేదు. నీళ్లు తోడేది నేను, ఇసుక కడిగేది నేను. నా చెయ్యి కనబడితే ఆ తల్లి పిల్లల్ని దాచేసేది. యారాలు వేలికి తవుడు అద్దుకుని నీళ్లల్లో పెడితే మాత్రం తల్లీ పిల్లలూ వచ్చి ఆ వేలిని ముద్దాడినట్టు పొడిచేవి. “గుర్తుపడ్తున్నయి చెల్లే” అని ఆమె మురిసిపోతుంటే కుండ ఎత్తి తొట్టిలో పడేద్దామనిపించేది.

పిల్లలు బొటనవేలంత అయ్యాయి, తర్వాత వేళ్లంత అయ్యాయి. తొట్టి ఇరుకైంది. ఇక పంచేద్దామా అక్కా అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా, “ఇంక చిన్నగనే ఉన్నయి గదా చెల్లే” అంది. అత్తమ్మ మా ఇద్దరినీ చూసి చింతగింజ దులిపింది. నేను తొట్టిలోకి చూశాను. తోక తిప్పడానికి చోటు లేక ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. అవునక్కా, ఇంకా పసివే అన్నాను.

ఇప్పుడు అత్తమ్మా లేదు, యారాలూ లేదు. అప్పటి నన్ను, యారాలి పాలకూర నీళ్లు చూసి సంబరపడిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు మంచిమాటలు చెప్పాలనిపిస్తుంది. కాని ఆ చేపలు యారాలి వేలిని పొడిచినట్టు నా వేలిని ఒక్కసారైనా పొడిచి ఉంటే వాటి సొమ్మేం పోయేది, చెప్పండి.