నాయన ఆంప్లిఫయర్‌లో మోత

దయ్యాల కథలు వింటే నాకు భయం వెయ్యదు, విసుగేస్తుంది. ఎవరైనా "నా కళ్లతో చూశాను" అంటే, "ఎన్నిసార్లు చూశారు, అప్పుడు పక్కన ఎవరున్నారు" అని అడిగే రకం నేను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడమే పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగం. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే చిన్నతనంగా ఉంది.

మా నాయన ఆనేకల్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. వారమంతా ఆ మోత భరించి, ఆదివారం పొద్దున మాత్రం పాటలు పెట్టుకునేవాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టీరియో ఆంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు, ఒక క్యాసెట్ డెక్. ఆ పూట ఆయన పక్కన కూర్చునే హక్కు మా అక్కది. క్యాసెట్లు తుడిచేది, తిప్పి పెట్టేది తనే. నేను గుమ్మం దాకా వస్తే చాలు, "నువ్వు పోయి చదువుకో పాపా" అనేవాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

నాయన పోయి మూడేళ్లయింది. సెట్టు నాకే ఇవ్వమన్నాడని అక్క చెప్పినప్పుడు, ఒక్కసారికైనా నేను గెలిచాననిపించింది. అక్క మొహం పరీక్షగా చూశాను. బాధ ఏమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే అందుకు కొంచెం నిరాశపడ్డాను కూడా.

సెట్టుని మహదేవపురలో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. డెక్ పాడైపోయింది కాబట్టి, ఫోన్‌లో పాటలు అందులో వినడానికి చిన్న బ్లూటూత్ రిసీవర్ కొన్నాను. ఫోన్‌లో పాట దానికి చేరుతుంది, దాన్నుంచి ఎరుపు, తెలుపు వైర్లు ఆంప్లిఫయర్ వెనక గుచ్చాలి. మొదట తెలీక రికార్డ్ ప్లేయర్ కోసం ఉన్న చోట గుచ్చితే పాట చెవులు చిల్లులు పడేలా వచ్చింది. తర్వాత ఆక్స్ అని రాసి ఉన్న చోటికి మార్చాను. పాట బాగానే వచ్చింది, కానీ దాని వెనక గుయ్‌మని సన్నగా ఒక మోత ఉంది.

పాత సెట్లలో ఇది మామూలే అని ఇంటర్నెట్‌లో అందరూ రాశారు. వైర్లు మార్చాను. రిసీవర్‌ని పవర్ బ్యాంక్ మీద నడిపాను. టీవీ, ఫ్రిజ్, వైఫై అన్నీ ఆపాను. చివరికి రిసీవర్‌నే పీకేశాను. మోత పోలేదు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఒక మెకానిక్ రెండు కెపాసిటర్లు మార్చి, ఇక లోపమేమీ లేదన్నాడు. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే మళ్లీ అదే గుయ్.

ఆ ఆదివారం అక్క భోజనానికొచ్చింది. తను బొమ్మనహళ్ళిలో ఉంటుంది, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేస్తుంది. తను రావడానికి ముందే మోత ఆగిపోయింది. పోనీలే, బాగుపడింది అనుకున్నాను. సాయంత్రం తను వెళ్లిన రెండు నిమిషాలకే మళ్లీ మొదలైంది. పై వారమూ అంతే. ఆ పై వారమూ అంతే.

నా ఉద్యోగం నాకు తెలుసు కదా, పద్ధతిగా పరీక్షించాను. అక్క కూర్చునే కుర్చీలో మా ఆయన్ని కూర్చోబెట్టాను. ఎదురింటావిడని పిలిచి టీ ఇచ్చాను. మోత కదల్లేదు. తర్వాతి ఆదివారం మా ఆయన్ని అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడమన్నాను. ఆయన "ఇప్పుడే గేటు దాటారు" అనడం, మోత టక్కున ఆగడం ఒకేసారి జరిగాయి. మాది మూడో అంతస్తు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది. చచ్చి కూడా నాయనకి అదే పక్షపాతమా? కొత్త వైర్లు కొన్నది నేను, మెకానిక్ చుట్టూ తిరిగింది నేను, వినడానికి మాత్రం అక్క కావాలి. ఆ రోజు అక్క అన్నం తింటుండగానే అనేశాను, "ఇది నీ సెట్టే, పట్టుకుపో" అని.

అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నన్ను పాటలకాడ కూచోబెట్టినాడు, నిన్ను కాలేజీకి పంపినాడు. నేను పదోతరగతితో మిషనెక్కినా. ఎవురు ఎవుర్ని చూసి కుళ్లుకోవాల పాపా?" అంది. గొంతు పెంచలేదు. ఆటో పిలిచి, సెట్టు ఎక్కించి పంపేశాను.

నాలుగు ఆదివారాలు నేను ఫోన్ చెయ్యలేదు, తనూ చెయ్యలేదు. హాయిగా వింటోంది కాబోలు అనుకుంటూ పళ్లు నూరుకున్నాను. ఐదో వారం తనే చేసింది. "పాపా, ఈడ గూడా గుయ్ అంటా ఉండాది. తెచ్చిన రోజు నించీ అంతే. నీకు చెప్పేకి మొహం చెల్లక ఊరకుండినా" అంది.

నన్ను ఊరడించడానికి అబద్ధమాడుతోందనుకున్నాను. వెంటనే బయల్దేరాను, పట్టుకుందామనే. అక్క ఉండేది రెండో అంతస్తు. మెట్ల మొదటి మలుపు దగ్గరే నాకు ఆ గుయ్ వినిపించింది. తలుపు తీసే ఉంది. అక్క సెట్టుకెదురుగా కూర్చుని ఉంది. చెప్పులు విప్పి గుమ్మంలో కాలు పెట్టాను. మోత ఆగిపోయింది. అక్క సెట్టు వైపు చూడలేదు, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

అప్పుడు నాకు సిగ్గేసింది. అందర్నీ మార్చి మార్చి పరీక్షించాను గానీ, నేను లేకుండా అక్కనొక్కదాన్నే కూర్చోబెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. అసూయతో అక్క ఉందా లేదా అన్నదే లెక్కపెట్టాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఇలాంటి తప్పు చేస్తే నేను వాళ్లకి చీవాట్లు పెడతాను.

సెట్టు అక్క ఇంట్లోనే ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ఫోనూ రిసీవరూ పట్టుకుని వెళ్తున్నాను. ఇద్దరం ఉంటే పాట శుభ్రంగా వస్తుంది. మాలో ఒక్కరే ఉంటే, అది ఎవరైనా సరే, మోత ఉంటుంది. ఎందుకో తెలిసిన ఇంజనీర్లని అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ఇంకొక సంగతి ఇంతవరకు అక్కకి చెప్పలేదు. మా ఇంట్లో తను కింద గేటు దగ్గరుండగానే ఆ మోత ఆగేది. నాకు మాత్రం రెండంతస్తులు ఎక్కి, చెప్పులు విప్పి, గుమ్మంలో కాలు పెడితే గానీ ఆగదు. ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను.