ఉల్లిగడ్డలకు పోయిన పళ్లచక్రం

ఎడారి దేశాల నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు పెట్టె తెరుస్తున్నారంటే జహీరాబాద్‌లో ఆ ఇంటి చుట్టాలంతా చుట్టూ మూగేవారు. సెంటు సీసాలు, సబ్బులు, మెత్తటి కంబళ్లు, సంపాదన బాగుంటే ఒక టేప్‌రికార్డరు. డెబ్బైల చివర్లో వెళ్లిన నేను ఎనభైల మొదట్లో సెలవు మీద వచ్చినప్పుడు నా పెట్టెలోనూ అవన్నీ ఉన్నాయి. వాటికి తోడు అడుగున, పాత లుంగీలో చుట్టి, అరిగిపోయిన ఇనుప పళ్లచక్రం ఒకటి ఉంది.

అది మోటార్ సైకిల్ వెనక చక్రానికి ఉండేది. గొలుసు దాని పళ్ల మీదే నడుస్తుంది. పళ్లు అరిగితే గొలుసు జారిపోతుంది, ఇంజను ఎంత అరిచినా బండి ముందుకు పోదు.

అక్కడ నేను ఓడరేవులో క్రేన్ నడిపేవాణ్ణి. కంపెనీ బస్సు కూలీల క్యాంపు దాకానే వచ్చేది. క్యాంపులో ఆడవాళ్లను ఉండనివ్వరు. భార్యను తెచ్చుకోవాలంటే ఊళ్లో గది తీసుకోవాలి, ఊళ్లో ఉంటే సొంత బండి మీద పనికి పోవాలి. పెళ్లయిన కొన్నాళ్లకే విమానం ఎక్కిన నేను నా భార్య ముఖాన్ని ఎదురుగా చూసినదానికంటే ఫోటోలో చూసిందే ఎక్కువ. కాళ్లావేళ్లా పడితే ఆమెను తెచ్చుకునేందుకు కంపెనీ అనుమతి ఇచ్చింది, గడువు కూడా పెట్టింది. గది దొరికింది. తోటి డ్రైవరు దగ్గర పాత జపాన్ బండి కొన్నాను. కొన్న కొద్దిరోజులకే గొలుసు జారడం మొదలైంది.

అక్కడి దుకాణంవాడు నా పళ్లచక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు. పాత మోడలట. జపాన్ నుంచి తెప్పించాలట. ఓడలో ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేడట. అది పారేసి కొత్త బండి కొనుక్కోమని సలహా ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఆ దేశంలో వాళ్లకు తెలిసిన రిపేరు పారేయడం ఒక్కటే. మా దగ్గర చెరుకు గానుగ పళ్లు విరిగితే ఎవరైనా గానుగను పారేస్తారా? బస్టాండు వెనక మిస్త్రీ దగ్గరికి పోయి కొత్త చక్రం కోయించుకుంటారు. గానుగకు కోసేవాడు బండికి కోయలేడా? పాతది ఎదురుగా ఉంటే చాలు, దాన్ని చూసి గీసుకుంటాడు. అందుకే, అందరూ ఇంటికి ఫారిన్ సామాను మోసుకొస్తే నేను ఫారిన్ తుప్పు మోసుకొచ్చాను.

వచ్చిన మర్నాడు పొద్దున స్నానం చేసి బయటికి వచ్చేసరికి, లుంగీ ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. చక్రం లేదు. అరుగు మీద చేటనిండా ఉల్లిగడ్డలు ఉన్నాయి. పాత ఇనుము తీసుకుని ఉల్లిగడ్డలిచ్చే సైకిలాయన వచ్చి వెళ్లాడన్నమాట.

"గా తుప్పు ముక్కనా? సీసలు పగలకుండ అడుగున పెట్టినవనుకున్న బిడ్డా," అంది అమ్మ. "గంత దూరంకెల్లి పాత ఇనుము ఎవలన్న తెస్తరా? ఉల్లిగడ్డలు సూడు, ఒక్కటి గూడ కుళ్లలే."

ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా వీధి అంతా వినబడేలా అరిచాను.

ఆ చక్రం సంగతి నా భార్యకు ముందురోజే చెప్పాను. ఆమె పొయ్యి మీది గిన్నె దింపి కొంగు బిగించి బయటికి వచ్చింది.

"ఎటు పోయిండు అత్తమ్మా గాయన?"

"మొగుడంపల్లి దిక్కు."

"అయితే నడువు," అంది నాతో. "ఈడ నిలబడి ఒర్లితే వస్తదా?"

మా అన్న సైకిలు తీసుకుని, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. మొగుడంపల్లిలో ఒక ఇంటి ముందు తక్కెడతో దొరికాడు సైకిలాయన. సంగతి చెబితే తల అడ్డంగా ఊపాడు.

"మూట కట్టేసిన సేట్. నా ఉల్లిగడ్డలు నాకు తెచ్చియ్యి, నీ ఇనుము నువ్వు తీస్కపో."

వాటిలో సగం ఈపాటికి అమ్మ పులుసులో పడి ఉంటాయి. నేను బతిమాలబోతుంటే నా భార్య రొండిన దోపుకున్న సెంటు సీసా తీసింది. నిన్న నేనిచ్చిందే, ఇంకా మూత కూడా తీయలేదు.

"ఇగో, గిది తీస్కో. ఫారిన్‌ది. గా చక్రం గూడ ఫారిన్‌దే. దీనికి అది, హిసాబ్ సాఫ్."

సైకిలాయన సీసా వాసన చూసి తనే మూట విప్పాడు. అడుగుదాకా వెతికి చక్రాన్ని తీసి, ఆమె చేతిలోనే పెట్టాడు.

"సెంటు మళ్ల తెస్త తియ్యి," అన్నాను తిరిగి వస్తుంటే.

"నాకు సెంటెందుకు? నన్ను తీస్కపో."

జహీరాబాద్ చేరాక ఇంటికి పోకుండా సైకిలును నేరుగా మిస్త్రీ దగ్గరికే తొక్కాను.

మిస్త్రీ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి నసిగాడు. "గానుగ పండ్లు మోటుగుంటయ్ అన్నా. గివి సన్నయి. జర తేడ వచ్చినా గొలుసు కూసోదు." పని అయ్యేదాకా నేను కదలనని అక్కడే ముక్కాలిపీట వేసుకున్నాను. మొదట కోసింది ఒక బెజ్జం తప్పి పాడైంది. ఇద్దరం తిట్టుకున్నాం, టీ తాగాం, మళ్లీ మొదలుపెట్టాం. ఫారిన్ నుంచి వచ్చినవాడు ఆకురాయి పట్టుకుని పళ్లు అరగదీస్తుంటే చూడటానికి జనం వచ్చేవారు. రెండోదాని మీద, కొలత కోసం నేను విడిగా తెచ్చిన గొలుసు ముక్క బుద్ధిగా కూర్చుంది.

పాత చక్రాన్ని మిస్త్రీ దగ్గరే వదిలేశాను. తిరిగి వెళ్లాక కొత్తదాన్ని బండికి బిగించాను. కొంచెం చప్పుడు చేసింది గానీ ఎక్కడా జారలేదు. ఆ దుకాణంవాడి ముందు నుంచి కావాలనే రెండుసార్లు పోయాను.

గడువు దాటకముందే ఆమె వచ్చింది. పెట్టెను స్నేహితుడి కారులో పంపి, ఆమెను బండి వెనక ఎక్కించుకుని గదికి తెచ్చాను. ఆమె పెట్టె విప్పింది. జొన్నపిండి, ఎండు మిరపకాయలు, చీరలు. అడుగున అమ్మ పాత చీర మూట ఒకటి ఉంది. అందులో కొత్త పళ్లచక్రం!

"గిదెందుకు? బండికి ఉన్నది మంచిగనే నడుస్తున్నది గద?"

"నేను గాదు, అత్తమ్మ కోయించింది. రోజూ పోయి మిస్త్రీ నెత్తి మీద కూసున్నది," అంది నా భార్య. "ఉన్నది అరిగి బండి ఆగితే నా కొడుకు నిన్ను ఇంటికి తోలుతడు, ఇంకొకటి దగ్గర ఉండనియ్యి అన్నది నాతోని."

మూట పూర్తిగా విప్పాను. పెట్టెలో చక్రం కదలకుండా అమ్మ దాని చుట్టూ ఉల్లిగడ్డలు సర్దింది.