పిన్ని చెయ్యి, బాబాయి పొర

మా బాబాయి స్ఫటికాలు పెంచుతాడు, పిన్ని వాటిని పగలగొడుతుంది. ఇద్దరికీ ఒకే సంస్థలో జీతం. ఇలాంటి కాపురం నేనింకెక్కడా చూడలేదు.

బాబాయి తన గదిలో, గాలంతా తోడేసిన ఉక్కు డబ్బాలో, పలక మీద పొర మీద పొర పేరుస్తాడు. మధ్యమధ్యలో వేరే రకం పొర ఒకటి అడ్డం వేస్తాడు. అది లేకపోతే సిగ్నల్ సగం దారిలోనే వృథా అయిపోతుందట. అలా తయారైన బిళ్ళకి వోల్టేజి పెంచేకొద్దీ మైక్రోవేవ్ సిగ్నల్ ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి జరుగుతుంది. పిన్ని మీట తిప్పుతూ, ఆ వోల్టేజిని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, బిళ్ళ ఎక్కడ చిట్లుతుందో చూస్తుంది. వండినాయన కళ్ళెదుటే కంచం నేలకేసి కొట్టే ఉద్యోగమన్నమాట.

మొన్నటి పరీక్ష మామూలుది కాదు. బిళ్ళ అనుకున్న హద్దు దాకా నిలిస్తే సరి, లేదంటే బాబాయి గదిని వేరే పనికి ఇచ్చేస్తామని మేనేజరు ముందే చెప్పేశాడు. పొద్దున్న కాఫీ దగ్గర బాబాయి నసిగాడు.

"ఇవాళ కాస్త చూసి తిప్పవే."

"చూడకుండా ఎప్పుడు తిప్పానండీ?" అని పిన్ని కసిరింది.

బిళ్ళ హద్దుకి రవ్వంత ఇవతలే చిట్లిపోయింది. మేనేజరు బాబాయిని పక్కకి పిలిచాడు. పాపం, మంచివాడే.

"ఆవిడ తొందరపడి పెంచేశారని ఒక్క మాట అనండి చాలు. పరీక్ష చెల్లదని రాసేస్తాను. ఇంకో బిళ్ళకి వీలు చిక్కుతుంది."

"ఆవిడ చెయ్యి తొందరపడలేదండీ. నేను పక్కనే ఉన్నాను. చిట్లింది నా పొరే."

గది పోయింది. బాబాయిని స్టోర్సులో వేశారు.

బాబాయి అన్న మాట ఎవరి నోటనో విని, సాయంత్రం పిన్ని ఇల్లు పీకి పందిరేసింది. నేనక్కడే ఉన్నాను.

"నన్నొక మాటంటే నేనేమైనా అరిగిపోతానా? ఇన్నేళ్ళ పనిని చేజేతులా వదులుకున్నారు. మీ మొండితనం తగలెయ్య."

బాబాయి చొక్కా విప్పి వంకీకి తగిలించాడు.

"ఆ మాట అంటే రేపట్నుంచి నువ్వు బాగుందన్న బిళ్ళని కూడా ఎవరూ నమ్మరు కదే. ఇన్నాళ్ళూ నువ్వు బాగుందంటేనే నేను బాగుందనుకున్నాను."

పిన్ని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. దాచడమెందుకు, నాకూ ఏడుపొచ్చింది.