చెక్క ఏనుగు నడక

పెళ్ళైన కొత్తలో మా ఆవిడ నాకు ఒకటే షరతు పెట్టింది. వీధిలో ఎప్పుడూ నేనే ముందు నడవాలి. చిన్నప్పుడు జబ్బు చేసి ఆమె ఎడమ కాలు సన్నబడిపోయింది. బడికి వెళ్ళే దారిలో పిల్లలు వెనకాలే వరస కట్టి, ఆమెలా కుంటుతూ వచ్చేవారట. అప్పటినుంచీ తన వెనక ఎవరు నడిచినా ఆమెకు ఒళ్ళు మండేది, కట్టుకున్న మొగుడైనా సరే.

ఆ ఒక్కటీ తప్పిస్తే మా ఆవిడ దేనికీ జంకే మనిషి కాదు. నేను కెమెరామన్‌గా ఉన్న బొమ్మల సినిమాల స్టూడియోకి బొమ్మల బట్టలు కుట్టడానికి వచ్చి, నెల తిరక్కుండానే బొమ్మల్ని కదిపే పని లాక్కుంది. ఆమె బొమ్మను వెంట్రుకవాసి జరిపి తప్పుకునేది, నేను ఒక ఫొటో తీసేవాణ్ణి. మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటే తెర మీద బొమ్మ నాలుగడుగులు వేసేది. మనకంటే నత్త నయం అని నేను విసుక్కుంటే, "నత్తకి మొగుడి సణుగుడు ఉండదు లెండి," అనేది.

పెళ్ళైన కొన్నేళ్ళకు తీసిన ఓ సినిమా కథ చాలా చిన్నది. కొట్టు మూసేశాక బొమ్మలకు ప్రాణం వస్తుంది. తగరపు సిపాయిలు డోలు వాయిస్తారు, గుడ్డ కోతి గంతులేస్తుంది. చెక్క ఏనుగు మాత్రం వీధి ఎలా ఉంటుందో చూడాలని అలమార మీంచి దూకి తలుపు వైపు నడుస్తుంది. అది గడప దాటితే కథ అయిపోతుంది.

షూటింగులో సరిగ్గా కొట్టు మధ్యకు వచ్చేసరికి ఏనుగు వెనక కాలు విరిగింది. దీపాల వేడికి చెక్క ఎండిపోయి కీలు దగ్గర పెళుసెక్కింది. జిగురు పెడితే కాలు నిలిచింది గానీ ఇక వంగదు. చెక్కిన వడ్రంగి ఊళ్ళో లేడు. స్టూడియో యజమాని వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆట వేయడానికి హాలు మాట్లాడేశాడు. ఈ సినిమా పిల్లలకు నచ్చకపోతే స్టూడియోకి తాళమే.

"ఏనుగుని తీసేద్దామమ్మా. కోతి గంతులతో ముగించేద్దాం," అన్నాడు.

"వద్దండి. అంత ఎత్తునించి దూకింది కదా, కాలికి దెబ్బ తగిలింది. ఇక్కణ్ణించి కుంటుతుంది," అంది మా ఆవిడ.

"పిల్లలు నవ్వుతారమ్మా."

"నవ్వనివ్వండి. నన్ను చూసి నవ్వలేదూ? నేను నడవడం మానేశానా?"

యజమాని నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు ఏనుగు కూడా ఆమె పక్షమే.

ఆయన వెళ్ళాక తలుపు వేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నేను నడుస్తాను, మీరు వెనకనించి చూడండి. ముందు ఏది దిగుతోందో చెప్పండి. భుజమా, నడుమా?"

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ నడకను వెనకనుంచి చూడటం అదే మొదలు.

"భుజం," అన్నాను. "తర్వాత తల. కాలు ఆఖర్న వస్తోంది."

"ఊరికే చెప్పకండి, సరిగ్గా చూడండి," అని మళ్ళీ నడిచింది.

అచ్చం అలాగే ఏనుగును నడిపించింది. గడప దాటించేసరికి మాకు నెల పట్టింది.

ఆట రోజు హాలు నిండా పిల్లలే. ఏనుగు కుంటడం మొదలుపెట్టగానే ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత హాల్లో చప్పుడు లేదు. ఏనుగు గడప దాటాక మాత్రం బెంచీలు విరిగేలా చరిచారు.

బయటికి వస్తే, వరండాలో పిల్లలు వరస కట్టి కుంటుతూ పోతున్నారు. ఆమెకు కనపడకూడదని అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు జరిపింది. వరసలో ముందున్న పిల్ల వెనక్కి తిరిగి మిగతావాళ్ళను కసురుతోంది.

"అలా కాదు. ముందు భుజం దించాలి, తర్వాత తల. అప్పుడే ఏనుగు."

మా ఆవిడ ఆ పిల్ల నడక చూసింది. "దానికి పని వచ్చు," అంది.

తర్వాత మెట్లు దిగి, నాకంటే ముందు వీధిలోకి నడిచింది. వెనక నేనూ, నా వెనక పిల్లలూ. ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.