చదవకుండా పోయిన మెయిళ్ళు

మొన్న వేసవిలో పని మీద మండపేట మీదుగా వెళ్తూ కారు అద్దం దించగానే, మిల్లుల్లో ఉడుకుతున్న ధాన్యం వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకి ఇంకెవరికైనా అన్నం గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం ఒక చల్లటి ఏసీ గది, ప్లైవుడ్ చెక్కలు అడ్డంపెట్టి కట్టిన చిన్న చిన్న అరలు, వాటిలో బానపొట్టల్లాంటి కంప్యూటర్లు గుర్తొస్తాయి. నా చిన్నతనంలో కొన్నాళ్ళు మా అమ్మ ఆ కంప్యూటర్లోనే ఉండేది.

అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళేనాటికి నేను నాలుగో తరగతి. తమ్ముడు చింటూని ఇంకా బళ్ళో వెయ్యలేదు. తాటాకిల్లు తీసేసి స్లాబు వేసుకోవాలన్నది అమ్మ కోరిక. నాన్న మిల్లులో బస్తాలు మోసే జట్టులో మనిషి, ఆ కూలితో స్లాబు లేవదు. మమ్మల్ని చూసుకోవడానికి అమ్మమ్మ, పెళ్ళికాని సరోజ పిన్ని మా ఇంటికొచ్చేశారు. రెండో పంట దాళ్వా కోతలయ్యాక మిల్లు కళ్ళాల మీద ఆరబోసిన ధాన్యం అంచున తొక్కుడుబిళ్ళ ఆడడం, ఎండాకాలం కాలవ కట్టేస్తే మోకాలిలోతు బురదలో మట్టగిడస చేపల కోసం దేవులాడడం, అమ్మమ్మ వేలితో తోడిపెట్టిన ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారడం, తొలకరి వానకి చర్చి వెనక గుంటలో కప్పలు రాత్రంతా అరవడం, అన్నీ ఎప్పటిలాగే జరిగేవి. అమ్మ లేకపోయినా ఇవన్నీ ఆగకుండా జరగడమే నాకు కోపం తెప్పించేది.

అక్కడి యజమానులు అమ్మని ఫోను ముట్టుకోనిచ్చేవారు కారు. ఏ పండక్కో ఒప్పుకుంటే పక్కింటి మాస్టారుగారి ఫోనుకి చేసేది. ఆ ఇంట్లో డ్రైవరు రాజోలు వైపు మనిషి. ఊళ్ళో అందరూ ఈమెయిలు పెట్టుకుంటున్నారని, దానికి పైసా అక్కర్లేదని, అమ్మ చెబుతుంటే తను టైపు చేసి పంపిస్తానని అతనే కబురు చేశాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పిన్ని నన్ను మండపేటలో నెట్ సెంటరుకి తీసుకెళ్ళింది.

సెంటరాయన నా పేరు కొట్టి చూసి, "ఈ పేరు ఎవరో తీసేసుకున్నారమ్మా, వెనకాల ఏదైనా తగిలించాలి" అన్నాడు. నా పేరు ఇంకొకరిదెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. చివరికి నా పేరు వెనక చింటూ పేరు తగిలించాం. "పాస్‌వర్డ్ గట్టిగా చెప్పండి, ఎవరికీ చెప్పకూడదు సుమండీ" అని గదంతా వినబడేలా అడిగాడాయన. పిన్ని సిగ్గుపడుతూ అమ్మ ముద్దుపేరు చెప్పింది.

ఆ అడ్రసు ఫోనులో అమ్మకి చేరాక, ఆదివారాలు అమ్మ ఉత్తరాలయ్యాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కూడబలుక్కుంటూ చదివి, కాగితం మీద దించుకొచ్చి ఇంటిదగ్గర మళ్ళీ చదివేదాన్ని. పాపకి తలనూనె రాయండి, చింటూని కాలవలో దిగనివ్వద్దు, ఇక్కడ గోంగూర లేదు, కల్లో కూడా పప్పుచారు వాసనొస్తోంది, ఇలా ఉండేవి. అమ్మమ్మ మళ్ళీ చదవమనేది, వినకుండానే ఏడ్చేది. ప్రతి మెయిలు చివరా డ్రైవరు తన మాట ఒకటి చేర్చేవాడు. 'అక్క బాగున్నారు, దిగులుపడకండి.'

రెండో క్రిస్మస్‌కి అమ్మ ఫొటో వచ్చింది. ఇంటినిండా అరిసెల పాకం వాసన, చూరుకి రంగుకాగితాల నక్షత్రం. మేం మాత్రం నెట్ సెంటర్లో తెరకి అతుక్కుని కూర్చున్నాం. ఫొటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. ముందు తెల్లటి గోడ, తర్వాత పాపిడి, నుదురు, కళ్ళు. అమ్మ చిక్కిపోయింది. సెంటరాయన నలుపూ తెలుపులో ప్రింటు తీసిచ్చాడు. ఆ కాగితం పేటంతా తిరిగి, చివరికి మిల్లు దగ్గర జట్టు వాళ్ళ చేతుల్లో పడింది.

ఫొటోలో అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద ఒక మగమనిషి నీడ ఉంది. తీసినవాడి నీడ. సాయంత్రం ఎండలో పొడుగ్గా సాగి అమ్మ పాదాల దాకా వచ్చింది. మేమెవ్వరం దాన్ని చూడలేదు, జట్టువాళ్ళు చూశారు.

ఆ సాయంత్రం నాన్న ఒంటినిండా తవుడుతో ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే ఆ కాగితం అమ్మమ్మ ముందు పడేశాడు.

"ఎవడు వీడు? నా పెళ్ళానికి ఉత్తరాలు రాసిపెట్టేదెవడని నలుగురూ నవ్వుతుంటే నేను తలెక్కడ పెట్టుకోవాలి?"

"అక్క అంటున్నాడు కదయ్యా, ఆ బాబు" అంది అమ్మమ్మ.

"అక్కంటే అయిపోయిందా?" అని కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు. మావైపు తిరిగి, "ఇంకెవరైనా ఆ నెట్టు గడప తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను" అన్నాడు. ఆ క్రిస్మస్‌కి అరిసెలు ఎవరూ ముట్టలేదు, చీమలు తిన్నాయి.

ఆ తర్వాత అమ్మ మాస్టారుగారింటికి ఫోను చేసినప్పుడల్లా నాన్న పక్కనే నిలబడేవాడు. ఆమె మెయిళ్ళ సంగతి అడిగితే, "పిల్లలకి చదువులున్నాయి, నీ నెట్టుకి తీరికెక్కడిది?" అని తనే చెప్పేసేవాడు. మా చేతికి ఫోను వచ్చేసరికి బాగున్నావా, తిన్నావా అన్న రెండు మాటలే మిగిలేవి.

పిన్నికి నిడదవోలు సంబంధం కుదిరాక, పెళ్ళిబట్టలకని చెప్పి నన్ను చాటుగా సెంటరుకి తీసుకెళ్ళింది. పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఏదో ఇంగ్లీషు వచ్చింది. సెంటరాయన చదివి, "చాలా నెలలు తెరవలేదు కదమ్మా, మూసేశారు. లోపలున్నవన్నీ పోయాయి" అన్నాడు.

"మావి మేం అడగకుండా ఎలా తీసేస్తారండీ?" అంది పిన్ని.

"ఫ్రీ కదండీ. వాడకపోతే అంతే. కావాలంటే అదే పేరుతో కొత్తది తెరిచిస్తాను."

తెరిచాడు. ఖాళీ. రాద్దామంటే డ్రైవరు అడ్రసు పాత మెయిళ్ళలోనే ఉండిపోయింది. పిన్ని అక్కడే కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. పక్క అరలో కుర్రాళ్ళు ఆట ఆపి చూశారు.

నేను పదో తరగతికొచ్చాక అమ్మ తిరిగొచ్చింది. చింటూ ఆవిణ్ణి చూసి అమ్మమ్మ వెనక దాక్కున్నాడు. చాలారోజుల తర్వాత నాకు జడవేస్తూ, మెల్లగా అంది:

"ఆ క్రిస్మస్ తర్వాత నేను రాసినవి ఒక్కటీ చదవలేదా?"

"మూసేశారమ్మా. చూసేసరికి అన్నీ పోయాయి."

"తర్వాత్తర్వాత రాసినవి వెనక్కొచ్చేశాయని ఆ రాజోలు తమ్ముడు చెప్పాడు. పిల్లలకి కూడా నేను అక్కర్లేదు కాబోలు అనుకుని, ఇంక రాయొద్దన్నాను."

"ఏం రాశావమ్మా?"

అమ్మ రిబ్బను బిగించి ముడేసింది. "ఏముంటాయి, తిన్నారా, పడుకున్నారా అనే" అంది. అబద్ధమని తెలుస్తూనే ఉంది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతకుమించి చెప్పలేదు. నాన్న పోయేదాకా, అమ్మ పంపిన డబ్బుతో లేచిన ఆ స్లాబు కిందే ఉన్నారిద్దరూ. ఆ ఫొటో మాట ఆయనా ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఇప్పుడు ఆ సెంటరు లేదు, అక్కడ సెల్‌ఫోన్లకి అద్దాలు వేస్తున్నారు. అమ్మమ్మ లేదు. కళ్ళాల మీద గోడౌన్లు లేచాయి. ఆ రాజోలాయన ఎక్కడున్నాడో, అతని పేరేమిటో కూడా నాకు తెలియదు. నా మెయిల్లో మాత్రం చీరల దుకాణాల తగ్గింపులు, బ్యాంకు హెచ్చరికలు వేలకొద్దీ పేరుకుపోయాయి. వాటినెవరూ తీసేయరు.

మొన్న అమ్మకి కొత్త ఫోను కొన్నాను. అది మెయిలు అడిగితే ఆమె పేరుతో ఒకటి తెరుస్తూ కూర్చున్నాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇందులోకి పాతవి వస్తాయా?"

"రావమ్మా."

"అయితే నాకెందుకులే" అంటూ లేచి, ఆరేసిన బట్టలు తీసుకురావడానికి మేడ మీదికి వెళ్ళిపోయింది.