నవ్విన బాన

మొన్న ఉప్పల్‌లో మెట్రో మెట్లు దిగుతుంటే ఎక్కడినుంచో పిడకలూ తడిగడ్డీ కలిసి కాలుతున్న పొగ వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారు, అంతే. నాకు మాత్రం పాత గాభరా మొదలైంది. పక్కింటివాళ్ల దండెం మీద బట్టలున్నాయేమో, పరుగెత్తి తీయమని చెప్పాలేమోనని, యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, ఒక్క క్షణం నిజంగానే చుట్టూ వెతుక్కున్నాను.

నాచారం నుంచి ఉప్పల్ పోయే దారిలో ఉండేది మా ఇల్లు. తాత కుమ్మరి. ఎనభైల చివరికి ఆ చుట్టుపక్కల కుండలు చేసే ఇల్లు మాదొక్కటే మిగిలింది; మిగతాదంతా ప్లాట్లయి, ఫ్యాక్టరీల్లో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల డాబాలు లేచాయి. ఎండాకాలమంతా నానబెట్టిన మట్టి వాసన, కుండలు తిప్పే సారె పక్కన కూర్చున్న తాత నోట్లోని తమలపాకు వాసన, వంటింట్లో మామిడికాయ తొక్కుకు నూరే వెల్లుల్లి ఘాటు అన్నీ కలిసిపోయి ఉండేవి. పిల్లలం పాత పెంకులతో తొక్కుడుబిళ్ల ఆడుతూ వాటి మధ్యే తిరిగేవాళ్లం. ఆషాఢంలో బోనాలకు కొత్త కుండలు కావాలి గనక వానలు దిగకముందే పిడకలూ గడ్డీ పేర్చి ఆవం పెట్టి వాటిని కాల్చాలి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. మబ్బు పడితే భయం, గాలి తిరిగితే భయం, గేటు చప్పుడైతే పొగ గురించి పోట్లాడటానికి ఎవరొచ్చారోనని భయం. ‘పగిలింది’ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయన్నట్టు, కుండ పగిలితే నవ్విందనాలి. ఆ అలవాటు కొద్దీ నేను బడిలో పలక పగిలినప్పుడు ‘నవ్వింది టీచర్’ అని చెప్పి, వెక్కిరిస్తున్నాననుకున్న టీచరు చేత గోడకుర్చీ వేయించుకున్నాను.

ఒక ఏడు ఆ భయం రెండింతలైంది. మా మేనత్త, తాతకు ఆఖరు బిడ్డ, పట్నంలో బొమ్మలు నేర్పే కాలేజీలో చదివేది. నీళ్లు పోసుకోవడానికి పనికిరాని కుండలు చేసేది. నాచారం ఫ్యాక్టరీల వెనక పారేసిన, కరెంటు స్తంభాలకు బిగించే తెల్ల పింగాణీ చిప్పల ముక్కలు ఏరుకొచ్చి, నా ఛాతీ ఎత్తు బాన ఒకటి చేసి, పచ్చి మీదుండగానే ఆ ముక్కలు దాని ఒంటినిండా గుచ్చింది. మట్టి ఆరితే దగ్గరికి ముడుచుకుంటుంది, పింగాణీ ముడుచుకోదు, రెండింటికీ పడదని తాత చెబుతూనే ఉన్నాడు. కాలేజీలో ప్రదర్శన ఉంది. అందులో ఎంపికైతే చదువయ్యాక పనిచేసుకోవడానికి గది, కరెంటు బట్టీ ఇస్తారట. ఇంటిదగ్గర ఇదే ఆఖరు ఆవమని కాలనీవాళ్లు అప్పటికే తేల్చి చెప్పారు. ఈ బాన దక్కకపోతే అత్త ఎన్ని బొమ్మలు చేసినా కాల్చుకునే చోటుండదు. ఆ సంగతి నాకే అర్థమై బెంగ పట్టుకుందంటే, ఇక ఆమె గురించి చెప్పేదేముంది.

వెనకింటాయన గోడ మీదుగా, పొగకు పిల్లలు దగ్గుతున్నారని కేకలేస్తుంటే, తాత ఆవం పూర్తిగా చల్లారకముందే తెరిచాడు. బోనం కుండలు ఎర్రగా, నిక్షేపంగా ఉన్నాయి. బానకు మాత్రం మెడ నుంచి అడుగుదాకా వేలు దూరేంత చీలిక. తాత దాన్ని చూసి, “నవ్వింది బిడ్డా,” అన్నాడు.

అత్తకు పాఠం చెప్పే సారు, ఆమె వద్దంటున్నా వచ్చి చూసి, చీలిక వెంట వేలు నడిపి, ప్రదర్శనలో ఇదే పెడదామన్నాడు. అతను ఎగతాళి చేస్తున్నాడనే అనుకున్నాడు తాత.

ప్రదర్శన రోజు తాత ఉతికిన ధోతి కట్టి, తలకు రుమాలు చుట్టి మాతో బస్సెక్కాడు. హాల్లో గోడ పక్కన, చీలిక జనానికి కనిపించేలా బానను నిలబెట్టారు. ఎంపిక చేసే పెద్దలు అటు చివరినుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నారు. తాత అటూ ఇటూ చూసి, రెండు చేతులా బానను పట్టుకుని చీలికను గోడవైపు తిప్పేశాడు, చిరిగిన చొక్కా తొడుక్కున్న పిల్లవాణ్ని చుట్టాల ముందు నుంచి వెనక్కి లాక్కున్నట్టు. పైనున్న దుమ్ము రుమాలుతో తుడిచాడు కూడా. నాకు హమ్మయ్య అనిపించింది.

అంతలో అత్త వచ్చింది. పెద్దలు దగ్గరికొచ్చేశారు.

“బాపూ, జర పక్కకు జరుగు.”

“నలుగురు సూస్తరు బిడ్డా. ఆవం చెడగొట్టింది నేను. నీ పేరెందుకు పాడుగావాలె?”

తొందరపడి తెరిచినందుకే చీలిందని తాత లోలోపల కుమిలిపోతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. అత్తేమో పింగాణీ గుచ్చిన తన మొండితనమే కారణమనుకుంటోంది. తాత చేతులు పక్కకు తప్పించి, బానను మెల్లగా ఇటువైపు తిప్పింది.

గది దక్కింది, బట్టీ దక్కింది. తిరుగు బస్సు హబ్సిగూడ దాటుతుంటే తాత కిటికీలోంచి చూస్తూ, “అంతమందిల,” అన్నాడు. ఆ తర్వాత అత్త చేసినవి చూడటానికి ఎన్నడూ రాలేదు. నాకు ఇద్దరిమీదా జాలే, ఇప్పటికీ.

ఆవం ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు కింద కార్లు నిలుపుతున్నారు. బోనం కుండలు ఎక్కడినుంచో ట్రాలీ ఆటోల్లో వస్తాయి. తాత మట్టి తవ్వుకొచ్చిన చెరువు అంచు ఏదంటే చూపించలేను. అత్త మాత్రం పేరు తెచ్చుకుంది. ఏ ఊళ్లో ప్రదర్శన పెట్టినా బొమ్మలన్నీ హాలు నడుమనే ఉంచుతుంది, గోడ దరిదాపుల్లో ఒక్కటీ ఉండనివ్వదు. చూసేవాళ్లు చుట్టూ తిరగాలని ఆమె ఉద్దేశమని పేపర్లలో రాస్తారు. ఒకసారి నేనే అడిగాను.

“గోడుంటే బాపు తిప్పుతడు,” అన్నది.

తాత పోయి అప్పటికే చాలా ఏళ్లయింది.